పోటీలు లేని నెలలు కూడా ఆటలో భాగమే

పోయినేడు మే నెలలో ఒక పొద్దున మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్ నుండి ఫోన్ చేసింది. ఇంటి నుండి వెళ్ళి అప్పటికి రెండు రోజులే అయింది. "అమ్మా, కడ్డీ పట్టుకొని ఒంటిని పైకి లేపుడు పన్నెండు సార్లు చేసేదాన్ని గదా! ఇయ్యాల ఏడింటికే చేతులిడిసిపెట్టినయ్" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "మళ్ళా చేస్తవ్ తియ్, గదెంత పని" అని ఫోన్ పెట్టేసి పొయ్యి దగ్గరకు పోయాను. కానీ ఆ ఏడు అనే అంకె రోజంతా నా చెవుల్లోనే ఉంది. ఎందుకంటే ఆ ఐదు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. మా ఇంట్లోనే పోయాయి.

మా అమ్మాయి కయాకింగ్ చేస్తుంది. మాది దొంకేశ్వర్. 1963లో నెహ్రూ గారు పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెనక నీళ్ళు మా దాపుకు వస్తాయి. కాబట్టి "మా బిడ్డ పడవ పోటీలకు పోతది" అంటే మా వాళ్ళందరికీ చేపలు పట్టే తెప్పలే గుర్తొస్తాయి. "దానికి హైదరాబాద్ పోవాల్నా, ఈడ నీళ్ళు లేవా?" అని అడిగిన వాళ్ళున్నారు. ఇంటర్ చదవడానికి పోయినప్పుడు హుస్సేన్ సాగర్ మీద మొదటిసారి తెడ్డు పట్టింది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. నాకూ మూడేళ్ళ కింద తెలియదు. కయాక్ అంటే ముందుకు కాళ్ళు చాపుకొని కూర్చొని, రెండు వైపులా రెక్క ఉన్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. ఒక్కరు నడిపే పోటీ పడవ పొడవు 5.2 మీటర్ల దాకా ఉంటుంది, బరువు మాత్రం 12 కిలోలే. మన ఇంట్లో అర బస్తా బియ్యం కంటే తక్కువ. అందులో కదలకుండా కూర్చోవడమే ఒక విద్య. కెనూ అంటే ఒక మోకాలి మీద నిలబడి, ఒకే రెక్క ఉన్న తెడ్డుతో ఒకే పక్క నీళ్ళు తోసేది. పోటీలు 200, 500, 1000 మీటర్లకు జరుగుతాయి. గట్టి ఆడపిల్లలు 500 మీటర్లను రెండు నిమిషాల లోపే దాటేస్తారు. నేను పప్పులో పోపు వేసేంత సేపు.

ఆ రెండు నిమిషాల కోసం ఏడాదంతా ఏం చేస్తారన్నది నేను ఆలోచించలేదు. పోటీ ఉన్నప్పుడు దేవునికి దండం పెట్టుకునేదాన్ని, పతకం వస్తే ఫోటో బంధువులందరికీ పంపేదాన్ని. పోటీలు అయిపోయి ఇంటికి వస్తే "హమ్మయ్య, ఆట అయిపోయింది, పిల్ల ఇంట్లో ఉంది" అనుకునేదాన్ని. తప్పు అక్కడే జరిగింది.

పోయినేడు దాని పోటీలు ఫిబ్రవరితో అయిపోయాయి. మార్చి నడుమ ఇంటికి వచ్చింది. కోచ్ సార్ ఒక కాగితం రాసిచ్చి పంపారు. మొదటి రెండు వారాలు పూర్తిగా విశ్రాంతి. ఆ తర్వాత మెల్లగా పరుగు, భుజాలకు రబ్బరు పట్టీతో కసరత్తు, నడుము తిప్పే కసరత్తు, బరువులు. కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. మేము దాని మీదనే పాల లెక్క రాసుకున్నాం.

మా దిక్కు మార్చి అంటే ఏంటో పసుపు పండించే ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. జనవరి నుండి తవ్వుడు, ఉడకబెట్టుడు, కళ్ళంలో ఆరబెట్టుడు, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టుడు, మార్కెట్‌కు తోలుడు. కూలీలకు పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం. ఇంటికి వచ్చిన బిడ్డ ఖాళీగా కనిపిస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? రెండు చేతులు దొరికాయనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. "విశ్రాంతే గదా బిడ్డా, కూసొని పసుపు ఏరు" అన్నాను. కూర్చొని ఏరడంతో మొదలై, గంపలు ఎత్తడం దాకా పోయింది. విశ్రాంతి అన్న రెండు వారాలు అట్లా పోయాయి.

కసరత్తు మొదలుపెట్టాల్సిన మూడో వారంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి వచ్చింది. పది రోజులు అటే. వచ్చాక చుట్టాలు. పొద్దున ఐదింటికి లేచి బూట్లు వేసుకుంటే మా అత్తమ్మ "ఇంటినిండ చుట్టాలు పెట్టుకొని యాడికే ఉరుకుడు?" అనేది. ఒక్కోసారి నేనే "ఇయ్యాల ఇడిసిపెట్టు బిడ్డా, రేపు పోదువు గాని" అనేదాన్ని. ఆ రేపు రానే లేదు.

ఇంకొకటి చెప్పాలి. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆ పెళ్ళిలోనే ఒకరు మా అమ్మాయిని చూసి, మంచి సంబంధం ఉంది, ఒకసారి వస్తామన్నారు. వచ్చారు. చాయ్ తాగారు. పోయేటప్పుడు వాకిట్లో ఒకావిడ నాతో మెల్లగా, "పిల్ల మంచిగనే ఉంది గని, బుజాలు మొగపిల్లగాని లెక్క ఉన్నయ్ గదమ్మా" అంది. నేను ఏమనాలి? "అవి దాని కష్టంతోటి వచ్చిన బుజాలు" అనాలి. అనలేదు. నవ్వి ఊరుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు బిడ్డతో, "కొన్ని దినాలు ఆ బరువులు ఎత్తుడు ఆపరాదే, చున్నీ జర నిండుగ కప్పుకో" అన్నాను. అది నా మొహం చూసి ఏమీ అనలేదు. ఆ రోజు నుండి వెళ్ళేదాకా కొట్టం వైపు పోలేదు.

అట్లా ఆరు వారాలు గడిచిపోయాయి. ఆ తర్వాత వచ్చిందే ఆ ఫోను.

నా అపరాధ భావాన్ని పోగొట్టుకోవడానికి నేను మొదట వెతుక్కున్న సమాధానం మీరూ వెతుక్కుంటారు. "ఆరు వారాలకే ఏం పోతది? ఇన్నేళ్ళ బలం యాడికి పోతది?" అని. అమ్మాయినే అడిగాను. అది ఒక అధ్యయనం సంగతి చెప్పింది. స్పెయిన్ పరిశోధకులు 2010లో ప్రచురించారట. ప్రపంచ స్థాయి కయాకర్లు, 14 మంది మగవాళ్ళను తీసుకున్నారు. పోటీల కాలం అయిపోయాక ఐదు వారాల పాటు సగం మంది సాధన పూర్తిగా మానేశారు. మిగతా సగం వారానికి మూడే పూటలు చేశారు. ఒక పూట బరువులు, రెండు పూటలు దమ్ము పెంచే సాధన. ఐదు వారాల తర్వాత కొలిస్తే, ఒళ్ళు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న లెక్కలో, పూర్తిగా మానేసినవాళ్ళకు దాదాపు 11 శాతం తగ్గింది. మూడు పూటలు చేసినవాళ్ళకు దాదాపు అందులో సగమే తగ్గింది. కండ బలం కూడా అంతే, మానేసినవాళ్ళకే ఎక్కువ పోయింది.

ఇది మగవాళ్ళ మీద చేసింది, మా బిడ్డ ప్రపంచ స్థాయి కాదు. అయినా నాకు అర్థం కావలసింది అర్థమైంది. వారానికి మూడు పూటలు. అంటే మూడు పొద్దుళ్ళు. నా బిడ్డకు నేను వారానికి మూడు పొద్దుళ్ళు ఇవ్వలేకపోయాను.

ఆగస్టులో జరిగిన ఎంపికల్లో 500 మీటర్లకు రెండు సెకన్లు వెనకబడి జట్టులో చోటు పోగొట్టుకుంది. ఆ రెండు సెకన్లూ మా ఇంట్లోనే పోయాయని నేను చెప్పలేను. పోలేదని కూడా చెప్పలేను.

అందుకే ఈసారి ఈ విషయం మీద నా అభిప్రాయం గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఆటలాడే ఆడపిల్లకు పోటీల రోజున మనం చేసే సహాయం ఏమీ లేదు. నీళ్ళ మీద అది ఒక్కతే. మనం సహాయం చేయగలిగేదీ, చెడగొట్టగలిగేదీ పోటీలు లేని నెలల్లోనే. ఎందుకంటే అప్పుడే అది మన ఇంట్లో ఉంటుంది.

పోటీలు లేని కాలం ఖాళీ కాలం కాదని మా పసుపు రైతులకు నేను వేరే చెప్పక్కర్లేదు. పసుపు తవ్వినాక మంచి కొమ్ములు ఏరి, చెట్టు నీడన కుప్ప పోసి, పైన ఆకు కప్పి జూన్ దాకా ఉంచుతాం. చేతిలో పైసలు లేకున్నా, చుట్టాలొచ్చినా, పెళ్ళి ఉన్నా ఆ కుప్పను ముట్టుకోం. ఎందుకు ఊరికే పడి ఉందని ఎవరూ అడగరు. అది వచ్చే ఏటి పంట. మా అమ్మాయి మార్చి, ఏప్రిల్ నెలలు కూడా అట్లాంటివే. మేము విత్తనం కుప్పను వండుకొని తిన్నాం.

ఇక్కడ కొందరు అడిగే ప్రశ్నలు రెండున్నాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "కసరత్తే కావాల్నంటే పసుపు బస్తాలు మొయ్యరాదా? మన తాతలు జిమ్ములకు పోయిన్రా?" మా ఆయన కూడా నవ్వుతూ ఇదే అన్నాడు. బస్తా మోస్తే బలం రాదని కాదు. కానీ బస్తా ఎప్పుడూ ఒకే పక్క భుజం మీదకు పోతుంది, నడుము వంగే ఉంటుంది. ఆరు వందల సార్లు వంగి లేచిన నడుముతో మర్నాడు పరుగెత్తలేరు. కయాకింగ్ చేసేవాళ్ళకు ఎక్కువగా దెబ్బతినేది భుజమే. తెడ్డుతో ఏడాదంతా వేల సార్లు ముందుకు చాపి వెనక్కి లాగిన భుజానికి, లోపలి చిన్న చిన్న కండరాలను సరిచేసుకునే టైమ్ ఈ నెలల్లోనే దొరుకుతుంది. ఇంకో సంగతి, తెడ్డు చేతులతోనే వేస్తారని నేను అనుకునేదాన్ని. కుడి పక్క తెడ్డు వేసేటప్పుడు కుడి కాలితో లోపలి పలకను తన్ని, నడుము తిప్పి, ఆ బలాన్ని చేతి దాకా తెస్తారట. చేతులు చివరికి వస్తాయి. అందుకే కాళ్ళకు, నడుముకు, కడుపుకు అంత సాధన. బస్తాతో ఇది రాదు.

రెండోది: "ఇంట్లో ఇంత పని ఉంటే బిడ్డ కూర్చొని తింటదా?" తినదు. తినొద్దు కూడా. ఇంటి పని అందరిదీ. కానీ మా అబ్బాయి ఎండాకాలం సెలవుల్లో ఊర్లో క్రికెట్ టోర్నమెంట్ ఆడితే పొద్దున ఆరింటికి పోయి పదకొండింటికి వచ్చినా ఎవరం అడగలేదు. "ఆడుకోనీ, మొగపిల్లగాడు" అన్నాం. వాడు ఆడేది సరదాకు. ఇది ఆడేది రాష్ట్రం తరఫున నిలబడడానికి. ఇద్దరికీ ఒకే కొలత పెట్టి ఉంటే వారానికి మూడు పొద్దుళ్ళు దొరకకపోయేవా?

మన దగ్గరే కాదు, ప్రపంచంలోనూ ఈ ఆటలో ఆడవాళ్ళకు చోటు ఆలస్యంగానే దొరికింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ కయాక్ 1948లో వచ్చింది. ఒక మోకాలి మీద నిలబడి నడిపే కెనూ స్ప్రింట్ మాత్రం ఆడవాళ్ళకు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా లేనేలేదు. అదే టోక్యోలో, పారాలింపిక్స్‌లో, గ్వాలియర్ అమ్మాయి ప్రాచీ యాదవ్ భారతదేశం తరఫున పారా కెనూలో పోటీపడిన మొదటి మనిషి అయింది. ఫైనల్ దాకా పోయింది. ఆమె సాధన చేసింది భోపాల్ చెరువు మీద. తర్వాత 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్‌ది. 1980లో మాస్కోలో 18 ఏళ్ళకు ఒలింపిక్ బంగారం గెలిచింది. 1984లో వాళ్ళ తూర్పు జర్మనీ ఒలింపిక్స్‌ను బహిష్కరించడంతో పోలేకపోయింది. ఇద్దరు పిల్లల్ని కన్నది. మళ్ళీ మళ్ళీ వచ్చి గెలిచింది. ఆఖరుకు 2004లో ఏథెన్స్‌లో 42 ఏళ్ళ వయసులో ఇంకో బంగారం. మొత్తం ఎనిమిది. 2024 పారిస్‌లో న్యూజిలాండ్ అమ్మాయి లీసా క్యారింగ్టన్ కూడా ఎనిమిది బంగారాలకు చేరింది. నలభైలు దాటిన నాకు ఫిషర్ ఏథెన్స్ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. ఆమె కాన్పుల తర్వాత మళ్ళీ పడవ ఎక్కిందంటే, నడుమ ఉన్న నెలల్లో ఆమె ఒంటిని ఆమెకు వదిలేసిన ఇల్లు ఒకటి ఉండి ఉంటుంది కదా అనుకున్నాను.

ఈ ఏడు మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. గొప్పగా చేశామని కాదు, ఎవరికైనా పనికొస్తుందని.

మార్చిలో వచ్చీ రాగానే కాగితం మళ్ళీ ఫ్రిజ్ మీద అంటించాం. పాల లెక్కకు వేరే పుస్తకం కొన్నాను. మొదటి రెండు వారాలు నిజంగానే విశ్రాంతి ఇచ్చాం. పొద్దెక్కేదాకా పడుకుంది. మా అత్తమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజు తనే తలుపు దగ్గరికి వేసి, "పిల్ల లేస్తది, మెల్లగ మాట్లాడున్రి" అంది. పెద్దవాళ్ళకు అర్థం కాదని మనమే అనుకుంటాం.

మూడో వారం నుండి వారానికి మూడు పొద్దుళ్ళు కొట్టంలో సాధన. దూలానికి వాళ్ళ నాయిన ఇనుప పైపు కట్టించాడు. భుజాలకు రబ్బరు పట్టీ. కాళ్ళు చాపుకొని కింద కూర్చొని నడుము అటూ ఇటూ తిప్పడం. ఇంకో రెండు పొద్దుళ్ళు పరుగు. ఎండాకాలం వెనక నీళ్ళు తగ్గితే గడ్డి మొలిచిన మెత్తటి నేల బయటపడుతుంది. అక్కడ ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటిలోపు ఇంటికి రావాలి. మా దిక్కు ఎండల్లో ఏడు దాటితే అది సాధన కాదు, వడదెబ్బ. తోడుగా తమ్ముడు సైకిల్ మీద పోతాడు. వాడి క్రికెట్ దాని తర్వాతే. నీళ్ళలోకి మాత్రం దిగొద్దని గట్టిగా చెప్పాను. ఈత వచ్చినా సరే. లైఫ్ జాకెట్ లేకుండా, చూసేవాళ్ళు లేకుండా ప్రాజెక్టు నీళ్ళతో ఆటలొద్దు. చలిదేశాల్లో చెరువులు గడ్డకడితే అక్కడివాళ్ళు కూడా నేల మీద, మంచు మీద, మిషన్ల మీద సాధన చేస్తారట. మనకు ఎండ, వాళ్ళకు మంచు. పడవ లేకుండా గడపాల్సిన నెలలు అందరికీ ఉన్నాయి.

తిండి సంగతి నా శాఖ. మొదట ఆర్మూర్ తీసుకుపోయి రక్త పరీక్ష చేయించాను. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని ప్రభుత్వ సర్వేలే చెప్తున్నాయి. దానికి కూడా రక్తం తక్కువే ఉంది. పిల్లకు దమ్ము ఆడకపోతే సాధన తక్కువైందని తిట్టేముందు ఇది చూసుకోవాలని నాకప్పుడు తెలిసింది. డాక్టర్ చెప్పిన మందుతో పాటు పొద్దున రెండు గుడ్లు, జొన్న రొట్టె, పప్పు, పాలకూర, సాయంత్రం పల్లీ పట్టి. ఖర్చు పెద్దగా ఏం పెరగలేదు. వడ్డించే వరుస మార్చాను, అంతే. మా ఇళ్ళల్లో మొగవాళ్ళు తిన్నాక మిగిలింది ఆడపిల్ల తింటుంది కదా. ఆ వరుస.

పని కూడా చేసింది. సాయంత్రం పూట పసుపు ఏరింది, లెక్కలు రాసింది, కూలీలకు చాయ్ పోసింది. గంపలు మాత్రం తమ్ముడు ఎత్తాడు. ఇల్లేమీ మునగలేదు.

ఈసారి కూడా ఒక సంబంధం మాట వచ్చింది. "డిగ్రీ అయ్యేదాక అడగకున్రి" అని మా ఆయన చెప్పాడు. భుజాల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏమనాలో నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎవరూ అడగకపోవడం నాకు కొంచెం నిరాశే.

ఇంతా రాశాక ఒక మాట మన గురించి. ఇంట్లో ఆడవాళ్ళకు ఆఫ్ సీజన్ అంటే ఏమిటో తెలియదు. పోటీ ఉన్న రోజు, లేని రోజు అని మనకు లేదు. మనకు లేనిది బిడ్డకు ఇవ్వాలంటే చేతులు రావు. "నేను చేయలేదా, నువ్వు చేయవా" అని లోపల ఎక్కడో ఉంటుంది. నాలో ఉండేది. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఇప్పుడు మింగుతున్నాను. ఈ ఏప్రిల్‌లో బిడ్డతో పాటు నేను కూడా మధ్యాహ్నం గంటసేపు పడుకోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు దొంగతనం చేసినట్టే అనిపించింది. ఇప్పుడు అలవాటైంది.

మీ ఇంట్లో ఆటలాడే ఆడపిల్ల ఉంటే, కబడ్డీ కానీ, ఖో ఖో కానీ, పరుగు కానీ, సెలవులకు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "నీకు ఏ పొద్దుళ్ళు కావాలె బిడ్డా?" అని. అవి దానికి ఇచ్చేయండి. పతకం వస్తుందా రాదా అన్నది దాని అదృష్టం, దాని కష్టం.

మొన్న ఆదివారం హాస్టల్‌లో దించి వచ్చాం. మర్నాడు పొద్దున ఫోన్ మోగితే చేతిలో పిండి ఉండగానే ఎత్తాను. "పదకొండు" అంది. "పన్నెండు కాలేదా?" అన్నాను. "అమ్మా, నిన్ననేగా బస్సు దిగింది!" అని నవ్వింది.

వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.